డబ్లిను నగరమున రెండు రాత్రుల బస

మా ఊరు కలిగిరి. నెల్లూరుసీమలో కావలికి పడమటగా, ఉదయగిరి కొండలవైపు పోవు త్రోవలో నున్నది. మెట్టప్రాంతము. వాన కురిసిన యేడు తిండి, కురియని యేడు దిగులు. పొగాకు, మినుము, కంది మాకు ముఖ్యమైన పైరులు. పొగాకు వేలము జరుగు దినములలో చుట్టుప్రక్కల రైతులును కొనుగోలుదారులును దిగుటచేత ఊరు కొంత సందడిగా నుండును. తక్కిన దినములలో చీకటిపడినంతనే సద్దుమణగును. ఇట్టి యూరినుండి పోయిన యొక ఆడుది ఐర్లండు దేశపు రాజధాని నడిబొడ్డున, రెండువందల యేండ్లనాటి హోటలులో, తానొక్కతెయే రెండు రాత్రులు బసచేసినదనిన సోదరీమణులకు వింతగా తోచవచ్చును. నాకును వింతగనే తోచినది.

మా అమ్మాయియు అల్లుడుగారును ఎనిమిదేండ్లుగా డబ్లిను నగర శివారున కాపురమున్నారు. నిరుడు దాని రెండవ కానుపునకు సాయముగా నేను పోయితిని. చెన్నపట్టణమున విమానమెక్కి, నడుమ గల్ఫుదేశమున మరియొక విమానమునకు మారి, ఒక పగలు ఒక రాత్రి ప్రయాణము చేసి చేరితిని. పసిబిడ్డకు నీళ్ళుపోయుట, బాలింతకు పథ్యము వండుట, పెద్దవానిని బడికి పంపుట, ఈ పనులలోనే మూడు మాసములు గడచినవి. నేను మరలి వచ్చుటకు ఇంక వారము దినములున్నదనగా అమ్మాయి యొకనాటి సాయంకాలము నాతో, “అమ్మా, ఊరి నడిమధ్యన పాత హోటల్లో నీకు రెండు రాత్రులకి గది తీసుకున్నాను. నువ్వొక్కదానివే ఉండాల. మేము పగటిపూట వచ్చి పోతాము” అనినది.

నేను నవ్వులాట యనుకొంటిని. “ఏంది పాపా, ఇల్లుండంగా హోటలేంది? ఆ దుడ్లతో రెండెకరాల మినుముకి పెట్టుబడి వస్తుంది” అంటిని.

“దుడ్ల సంగతి కాదు మా. నెల్లూరు బస్టాండు సంగతి” అని అది బిడ్డను భుజముపై వేసికొని లోపలికి పోయినది.

ఆ సంగతి చెప్పక తప్పదు. 1990వ సంవత్సరమున ఈ పిల్ల పదినెలల పసిది. జ్వరము తగిలి మూడు దినములు కన్ను తెరవలేదు. మా ఆయన అప్పుడు పనికై మద్రాసున నుండిరి. అత్తగారు మంచమున నుండిరి. నేను పిల్లను చీరెకొంగున చుట్టుకొని బస్సెక్కి నెల్లూరు పోయితిని. డాక్టరు చూచి, మందిచ్చి, మరునాటి యుదయమున మరల తీసికొని రమ్మనిరి. అప్పటికే చీకటిపడినది, మా ఊరి కడపటి బస్సు పోయినది. నెల్లూరున నాకు ఎరిగినవారెవరును లేరు. రొక్కము మాత్రము చేత నున్నది. దీపములు వెలుగుచున్న యొక లాడ్జికి పోయి గది యడిగితిని. బల్లవెనుక కూర్చున్న యాతడు తలయెత్తి, నా భుజముమీదుగా వీధివైపు చూచి, “ఒక్కదానివేనా? మగదిక్కెవరూ లేరా?” అని యడిగెను. లేరంటిని. “ఒంటరి ఆడోళ్ళకి గది ఇవ్వమమ్మా” యని మరల లెక్కలలో తలవంచెను. ముందటి పైకమంతయు ఇచ్చెదనంటిని, పిల్లకు జ్వరమంటిని. తల యెత్తలేదు. మరియొక చోటను ఇదే సమాధానము. ఆ రాత్రి బస్టాండు బల్లపై కూర్చుండి తెల్లవార్చితిని. పూలమ్ము ముసలమ్మ యొకతె తన గోనెపట్టా పరచి, “పండుకో తల్లీ, నేను మేలుకొని ఉంటాలే” అనినది. పండుకొనలేదు గాని, ఆ మాటచేత బ్రతికితిని.

ఈ కథను పిల్ల పెద్దదైన తరువాత ఎప్పుడో యొకసారి చెప్పియుంటిని. అది మరువలేదన్నమాట.

డబ్లినులో పేరుపొందిన పాత హోటళ్ళు రెండు. ఒకటి ఓకానెల్ వీధిలోని గ్రెషము. అది 1817లో మొదలై, 1922నాటి అంతర్యుద్ధమున కాలిపోయి, మరల కట్టబడినది. రెండవది మేము దిగిన షెల్బర్ను. 1824లో మార్టిను బర్కు అను నతడు, సెయింటు స్టీఫెన్సు గ్రీను అను పెద్దతోట కెదురుగా ప్రక్కప్రక్కన నున్న మూడిండ్లను సంపాదించి, వానిని కలిపి బసగృహముగా చేసెను. షెల్బర్ను ప్రభువు పేరు దానికి పెట్టుటలో ఒక యక్షరము చేర్చెనట! ఇప్పటి ముఖద్వారము 1867నాటిది. ఎఱ్ఱయిటుక గోడలు, తెల్లని కిటికీచట్రములు, ముందు ఇనుప కటకటాలు. ద్వారమున కిరుప్రక్కల నలుగురు స్త్రీల విగ్రహములు దీపములు పట్టుకొని నిలిచియుండును. వీరిలో ఇద్దరు దాసీలను సూచించువారేమో యను శంకచేత 2020 జూలైలో విగ్రహములను తీసివేసిరి. పండితులు పరిశీలించి అట్టిది కాదని తేల్చినమీదట, అదే సంవత్సరము డిసెంబరులో మరల నిలిపిరి. నూటయేబది యేండ్లకు పైగా దీపము పట్టుకొని వాకిట నిలిచిన ఆడువారిని గూర్చి, వారు దాసీలా కాదా యని యొకరు విచారించుటకు ఇంతకాలము పట్టినది.

అల్లుడుగారు పెట్టెను లోపల దింపి, బిడ్డ యేడ్చుచున్నదని కారువద్దకు పోయిరి. నేను బల్లవద్దకు పోయితిని. ఎదుట చక్కని యుడుపు తొడిగిన యువకుడు. నా పాసుపోర్టు చూచి, పేరును కూడబలుకుకొని చదివి, తల యెత్తి అడిగెను: “తమరొక్కరేనా?”

సోదరీమణులారా, ముప్పదియైదేండ్లనాటి చెమట నా యరచేతులకు పట్టినది. ఇంగ్లీషు నాకు కొంచెము వచ్చును. ఆ కొంచెమును పోయినది. తల మాత్రము ఊపితిని.

“అయినచో తాళపుచెవి ఒకటి చాలునా, రెండు కావలెనా?” అని యాతడు నవ్వుచు అడిగెను.

ఒకటి చాలునంటిని. తాళపుచెవి యనగా మన ఇనుపచెవి కాదు, ఓటరుకార్డంత బిళ్ళ. దానిని చిన్న కాగితపు మడతలో పెట్టి, పైన నా పేరు వ్రాసి, రెండుచేతులతో అందించెను. నా భర్తపేరు గాని, తండ్రిపేరు గాని, వెంట నెవరును లేకుండుటకు కారణము గాని ఆతడు అడుగలేదు. అడిగినది ఒక్కటే: సొమ్ము. అది అమ్మాయి ముందే చెల్లించియుండెను.

ఇచ్చట ఒక మాట. పరదేశమును పొగడి స్వదేశమును తెగడుట నా యుద్దేశము కాదు. బాటసారికి సొమ్ము పుచ్చుకొనక అన్నము పెట్టినవారు మనవారే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి పోవుచు త్రోవపొడవున తాము దిగిన మజిలీలను, సత్రములను దినదినమును వ్రాసి పెట్టిరి. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూయువరకును వచ్చినవారికెల్ల వేళగాని వేళనైనను వండిపెట్టిరి. ఇక సొమ్ము పుచ్చుకొని అన్నము పెట్టు వృత్తియు మనకు క్రొత్తది కాదు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటి యింటి వర్ణనము కలదు. మొన్నమొన్నటివరకు మన పట్టణములలో పూటకూళ్ళ యిండ్లను నడపినవారిలో దిక్కులేని విధవలు పెక్కుమంది. ఊరివారందరు ఆమె చేతికూడు తినిరి. ఊరివారందరు ఆమెను చులకన చేసిరి. సత్రమువారు సొమ్మడుగరు గాని కులమడిగిరి. లాడ్జివాడు సొమ్మునకు సిద్ధమే గాని మగవాని నడిగెను. ఈ హోటలువారు సొమ్ము తప్ప మరేమియు అడుగలేదు. అంత సొమ్ము ఎందరియొద్ద నుండును? ఈ మూడింటిలో ఏది మేలో త్రాసున వేసి చెప్పుట నా తరము కాదు. ఆ రాత్రి నాకు కావలసియుండిన దేదో మాత్రము నాకు తెలియును.

గది మూడవ అంతస్తున, తోటవైపున నుండెను. పిలిచినంతనే దిగివచ్చు లిఫ్టు. నడవలో అడుగుల చప్పుడు వినబడనంత మెత్తని తివాచి. గదిలో పెద్దమంచము, వ్రాతబల్ల, రెండు కుర్చీలు, తేనీటి సరంజామా, అద్దములు. అద్దములు మరీ యెక్కువ. ఎటు చూచినను నేనే! ఇంటివద్ద తల దువ్వుకొనుటకు తప్ప అద్దము చూడని దానికి ఇది కొంత యిబ్బంది. స్నానపుగది మా పెరటివంటింటికన్న పెద్దది. మన అలవాట్లకు కావలసిన చెంబు అందుండదని ముందే యెరిగి అమ్మాయి ప్లాస్టిక్కు చెంబొకటి నా సంచిలో అడుగున పెట్టియుండెను. దూరదేశము పోవు సోదరీమణులు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది. పెంచలకోన నరసింహస్వామి పటము నొకదానిని బల్లపై నుంచి నమస్కరించితిని. దీపము మాత్రము వెలిగింపలేదు. పొగ తగిలినచో మేడయంతట గంటలు మ్రోగునని అల్లుడుగారు గట్టిగా చెప్పిరి.

జూను మాసమగుటచే రాత్రి పది కావచ్చినను ప్రొద్దు గూకలేదు. సంధ్యాదీపము పెట్టు వేళ యెప్పుడో తెలియని దేశమది. కిటికీవద్ద కుర్చీ వేసికొని తోటను, వీధిని చూచుచు కూర్చుంటిని. ట్రాముబండ్లు, జంటలు, త్రాగి పాడువారు, పాడక త్రాగువారు, తలపై సముద్రపు తెల్లకాకులు. వాన పది నిమిషములు పడి, ఎండ పది నిమిషములు కాసి, మరల వాన. ఎవరికిని గొడుగు విప్పు శ్రద్ధ లేదు. నాకు వండవలసినది లేదు. పాలు తోడువేయవలసినది లేదు. తలుపులు వేసినారో లేదో చూడవలసినదియు లేదు. పెండ్లియైనది మొదలు అట్టి సాయంకాలము నాకు తెలియదు. మొదట కొంతసేపు సుఖముగా నుండినది. పిదప చేతులకు పనిలేక దుప్పటంచు మడచుచు విప్పుచు కూర్చుంటిని.

మరునాటి యుదయమున, అలవాటుచేత, లేచినంతనే పక్క సవరించి, దుప్పట్లు మడతపెట్టి, తువ్వాళ్ళు ఆరవేసి, కప్పు కడిగి బోర్లించితిని. తొమ్మిదిగంటలకు గది ఊడ్చు పిల్ల వచ్చి తలుపు తట్టి, లోపలికి చూచి నిలువబడిపోయెను. “ఇచ్చట రాత్రి ఎవరును పండుకొనలేదా?” అని యడిగినది. నేనే యంతయు సవరించితినని చెప్పగా పకపక నవ్వినది. ఆమెయు ఐరిషుది కాదు. సముద్రముల కవతలి మరియొక దేశమునుండి వచ్చినదట. తన మూడేండ్ల కొడుకును తల్లివద్ద విడిచి వచ్చినది. దినమునకు ఇన్ని గదులని లెక్క. ఆమె యింగ్లీషును నా యింగ్లీషువలెనే తడబడుచుండుటచే మా యిద్దరికి మాట చక్కగా సాగినది. నేను సవరించిన పక్కను ఆమె మొగమాటము లేక మరల విప్పి, దుప్పట్లు మార్చి, మూలలను కవరువలె మడచి బిగించినది. ఆ మడత నాకు నేర్పుమంటిని, నేర్పినది. హోటలు యజమాని యెవరైనను, అన్ని గదులను నిజముగా ఇల్లుగా చేయునది ఈ పిల్ల చేయియే కదా యని తోచినది. అతిథులలో పలువు రామె ముఖము నెన్నడును చూడరు. మా సీమ ఉదయగిరిలో కొయ్యచెంచాలు, గరిటెలు మిక్కిలి నేర్పుగా చెక్కుదురు; అమ్మాయి స్నేహితులకై తెచ్చినవానిలో రెండు నా సంచిలో నుండెను. వానిని ఆమె కిచ్చితిని. ఎచ్చటివని యడిగినది. ఆ కొండ పేరును ఆమెచేత నాలుగుసార్లు పలికించితిని.

ఉదయపు ఫలాహారమును గూర్చి కొంత చెప్పవలెను. మాంసములే యెక్కువ. నల్లని బిళ్ళలవంటి వంటక మొకటి కలదు. అది పందినెత్తురును ధాన్యమును కలిపి చేయుదురు గనుక శాకాహారులు అడుగక ఏదియు వడ్డించుకొనరాదు. కాని మన నోటికి హితమైనవియు లేకపోలేదు. ఓట్సుజావ మన సజ్జజావకు చెల్లెలు. పాలతోనో మీగడతోనో తిందురు. సోడారొట్టె యని మరియొకటి: గోధుమపిండిని పులియబెట్టక, మజ్జిగతో కలిపి సోడాయుప్పుతో పొంగించి, పైన కత్తితో అడ్డముగా నిలువుగా గీతపెట్టి కాల్చుదురు. పులియబెట్టు పని లేదు గనుక పేదయిండ్లలో నిప్పుపైని కుండలోనే కాల్చుకొనెడివారట. వెన్న రాచుకొని తినిన చాల బాగుండును. నేను ఇంటికి వచ్చిన తరువాత చేసి చూచితిని. గట్టిబడినది, మజ్జిగ తక్కువైనది కాబోలు. తేనీరు మాత్రము మనకు నచ్చునట్లే చిక్కగా కాచి పాలు పోయుదురు. తలకింత యని లెక్కించినచో లోకమున తేయాకు మిక్కిలిగా వాడువారిలో ఐరిషువారొకరు.

పదిగంటలకు అమ్మాయి బిడ్డను తోపుడుబండిలో పెట్టుకొని వచ్చినది. వీధి దాటిన తోటయే. అందొక చెరువు, అందు బాతులు. ఈ బాతులకొక కథ కలదు. 1916 ఏప్రిలు 24వ తేది, ఈస్టరు సోమవారమున, ఐర్లండు స్వాతంత్ర్యమునకై తిరుగుబాటు జరిగినది. తిరుగుబాటుదారులలో నొక దళము ఈ తోటను పట్టుకొని కందకములు త్రవ్వినది. ఆ రాత్రి ఆంగ్ల సైనికులు మేము దిగిన హోటలులోనికి ప్రవేశించి, మరునాడు తెల్లవారుజామున పైయంతస్తుల కిటికీలనుండి తోటపైకి తుపాకులు కాల్చిరి. ఎత్తుననున్నవారిది పైచేయి యగుటచే, తోటలోనివారు ప్రక్కనున్న వైద్యకళాశాల భవనమునకు తగ్గవలసి వచ్చెను. ఆ పోరాటపు నడుమ జేమ్సు కెర్నీ అను తోటకాపరి బాతులకు మేత వేయుటకు పోవునప్పుడు ఇరుపక్షములవారును కాల్పులు ఆపెడివారట. నేను రాత్రి కూర్చుండి వాన చూచిన కిటికీ అట్టిది.

ఆ తోటలోని దళమునకు రెండవ నాయకురాలు ఒక స్త్రీ: కాన్‌స్టాన్సు మార్కీవిచ్. ఆమె విగ్రహము అచ్చట కలదు. పట్టుబడిన పిమ్మట మరణశిక్ష విధించి, స్త్రీయను కారణముచేత దానిని యావజ్జీవ కారాగారముగా మార్చిరి. 1918 డిసెంబరు ఎన్నికలలో బ్రిటిషు పార్లమెంటునకు ఎన్నికైన మొట్టమొదటి స్త్రీ యామెయే. కాని లండను పోయి ఆ పీఠమున కూర్చుండుటకు నిరాకరించెను. 1919లో ఐరిషువారు తామే యేర్పరచుకొన్న ప్రభుత్వమున కార్మికమంత్రిణి యయ్యెను.

ఇంక కొంత నడచినంతనే నాకు నోట మాట రాలేదు. చెట్లనడుమ మన రవీంద్రనాథ టాగూరుగారి విగ్రహము! 2011లో వారి నూటయేబదియవ జయంతి సందర్భమున మన దేశమువా రిచ్చినది. ఎచ్చటి టాగూరు, ఎచ్చటి డబ్లిను అని సోదరీమణు లడుగవచ్చును. దీనికి నడుమ మదనపల్లె యున్నది.

మార్గరెటు కజిన్సుగారు 1878లో ఐర్లండులోని బాయిలు అను ఊర పుట్టిరి. సంగీతమున పట్టము పొందిరి. 1908లో హానా షీహీ స్కెఫింగ్టనుగారితో కలిసి స్త్రీల ఓటుహక్కునకై డబ్లినులో సంఘము స్థాపించిరి. 1913లో ఈ తోటకు నడచిపోగల దూరముననే యున్న డబ్లిను కోటలో, ప్రభుత్వకార్యాలయపు కిటికీయద్దములు పగులగొట్టి చెరసాలకు పోయిరి. 1915లో భర్త జేమ్సు కజిన్సుగారితో మన దేశమునకు వచ్చి, తరువాత మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిరి. టాగూరుగారు 1919లో ఆ కళాశాలకు వచ్చి కొన్నాళ్ళు విశ్రమించి, జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి తామే మార్చి వ్రాసిరి. ఆ పాట స్వరమును కాగితముపై నెక్కించినవారు మార్గరెటుగారు. 1917లో అడయారున స్త్రీసంఘము ఏర్పడుటకును, మన స్త్రీలకు ఓటు కావలెనని సరోజినీదేవిగారి నాయకత్వమున మాంటేగు దొరవద్దకు రాయబారము పోవుటకును పాటుపడినవారిలో వీరు ముఖ్యులు. నేను ఎన్నికలనాడు బడిలో వరుసలో నిలువబడి వ్రేలికి సిరా పెట్టించుకొనుటలో, ఈ వీధులలో అద్దము పగులగొట్టిన చేతికిని కొంత పాలున్నది.

తోటకు దక్షిణపుప్రక్క విశ్వవిద్యాలయ కళాశాలవారి పాతభవనములు కలవు. బరంపురమున తెలుగుకుటుంబమున పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారు 1913నుండి 1916వరకు డబ్లినులో న్యాయశాస్త్రము చదివి, తిరుగుబాటువారితో స్నేహము చేసినందున ఆ దేశము విడువవలసి వచ్చెను. వారే తరువాత మన రాష్ట్రపతి యైరి. ఆ మెట్లపై కొంతసేపు కూర్చుండి బిడ్డకు పాలుపట్టితిమి.

మధ్యాహ్నము మరల హోటలునకు వచ్చి, 112వ నెంబరు గది చూపుడని యడుగగా చూపిరి. సమావేశపు గది వంటిది, ఆడంబరమేమియు లేదు. 1922లో మైకేలు కాలిన్సు అధ్యక్షతన ఐరిషు స్వేచ్ఛారాజ్యపు రాజ్యాంగమును ఆ గదిలో కూర్చుండి వ్రాసిరి. ఇరువదియొక్క యేడు నిండిన స్త్రీపురుషులకు భేదము లేక ఓటు నిచ్చినది ఆ రాజ్యాంగము; ఇంగ్లండు స్త్రీలకు ఆ సమానత్వము 1928వరకు రాలేదు. పిదప 1937లో మరియొక రాజ్యాంగమును వ్రాసికొనిరి. మన రాజ్యాంగములోని ఆదేశసూత్రములకు మాదిరి యందుండియే తీసికొనిరి. ఆ రెండవదానిలో, ఇంటియందలి స్త్రీ తన జీవితముచేత రాజ్యమునకు ఇచ్చు అండను గుర్తించుచున్నామనియు, ధనము లేమిచే తల్లులు ఇంటిపనులు విడిచి కూలికి పోవలసిన యగత్యము కలుగకుండ చూడ ప్రయత్నింతుమనియు అర్థము వచ్చు నిబంధన యొకటి కలదు. దీనిని మార్చుదమా యని 2024 మార్చిలో జనులనడుగగా వలదనిరి. అమ్మాయికి ఈ నిబంధనపై కోపము. “ఇల్లు ఆడోళ్ళదే అని రాసిపెట్టినట్టే కదమ్మా” యనును. నాకు అంత త్వరగా కోపము రాలేదు. నలువదియేండ్లు నేను చేసిన పనిని ఏ రాజ్యమైనను కాగితముపై నెక్కించుట నాకు క్రొత్త. కాని గుర్తించితిమని వ్రాసినవారు ఆ స్త్రీకి నెలకింతయని ఇచ్చిరా యని యడిగితిని. ఇయ్యలేదట. ఇద్దరము నవ్వుకొని, వాదము నచ్చటనే విడిచితిమి.

సాయంకాలము మూడంతస్తుల పళ్ళెరములో అప్పచ్చులు, చిన్నరొట్టెలు, తేనీరు తెచ్చిపెట్టిరి. అది పేరుపడిన యుపచారము, చాల ఖరీదు. తీపి యెక్కువ. మన పప్పుచెక్క యొక్కటి యున్న బాగుండునని పించెను.

మరునాటి యుదయమున అల్లుడుగారు కారు తెచ్చిరి. బల్లవద్ద ఆ యువకుడే. ఇంటి చిరునామా సరిచూచుచు, ఊరి పేరు పలుకలేక, అక్షరములు చెప్పుడనెను. ఒక్కొక్క యక్షరము చెప్పి వ్రాయించితిని. తాళపుబిళ్ళ తిరిగి ఇయ్యబోగా, కావలెనన్న ఉంచుకొనవచ్చును, అది యిక ఏ తలుపును తెరువదనెను. ఉంచుకొంటిని.

కారులో అమ్మాయి, “నిద్ర పట్టిందా మా?” అని యడిగినది.

“మొదటి రాత్రి లేదు. గడె సరిగా పడిందా లేదా అని మూడుతూర్లు లేచి చూసినా” నంటిని.

“మరి రెండో రాత్రి?”

“రెండో రాత్రి చూళ్ళేదు.”